చంద్రకాంతం కొనడం నేర్చుకుందాం – మూడో పాఠం: వెలుగు కదులుతోందా?

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాం. అంతర్వేదిలోనో, ఓడలరేవులోనో, పేరుపాలెంలోనో ఒక ఆల్చిప్ప ఏరుకొచ్చి, దాని లోపలి మెరుపును ఫోను టార్చి కింద అటూ ఇటూ వంచి చూడమన్నాం. చూసినవాళ్లకి తెలిసే ఉంటుంది, చిప్ప మెరుపు పైపొరకే అంటుకుని ఉంటుంది. చంద్రకాంతం (మూన్‌స్టోన్) మెరుపు అలా ఉండదు. గుమ్మటంలా నున్నగా సానపెట్టిన రాయి పైభాగం కింద, కాస్త లోతులో, పల్చటి మబ్బు వెనక చంద్రుడిలా తేలుతుంది. రాయిని వంచితే జారుతుంది. రంగు చూసి కొంటే మోసపోవడం తేలిక. ఈ జారడం చూసి కొంటే అంత తేలిక కాదు.

ఎందుకు జారుతుందో ముందు చెప్పుకుందాం, లేకపోతే పరీక్ష బట్టీ పట్టినట్టే ఉంటుంది. చంద్రకాంతం ఫెల్డ్‌స్పార్ జాతి ఖనిజం. బాగా వేడిగా ఉన్నప్పుడు అందులో పొటాషియం, సోడియం కలిసిపోయి ఉంటాయి. నెమ్మదిగా చల్లారేటప్పుడు విడిపోయి, పొటాషియం ఉన్న ఆర్థోక్లేజ్ ఒక పొర, సోడియం ఉన్న ఆల్బైట్ ఒక పొరగా పేరుకుంటాయి. ఈ పొరల మీద వెలుగు చెదిరి వెనక్కి వస్తుంది. పొరలు మరీ పల్చగా ఉంటే నీలం, మందమైతే తెలుపు. నీలి మెరుపుకి ధర ఎక్కువ పలకడానికి మూలం ఇదే. ఆ మెరుపును అడ్యులరసెన్స్ అంటారు; స్విట్జర్లాండ్‌లోని ఆడులా కొండల పేరు మీద వచ్చిన మాట.

పొరలు ఒకే దిక్కుగా ఉంటాయి కాబట్టి కోత పనివాడి చెయ్యి చాలా ముఖ్యం. రాయి అడుగు పొరలకు సమాంతరంగా ఉంటే మెరుపు గుమ్మటం నడినెత్తిన కూర్చుంటుంది. తూకం కలిసొస్తుందని అడ్డంగా కోస్తే ఒక అంచుకి వెళ్లిపోతుంది. అసలు రాయే అయినా అలాంటిది కొనకండి. వేలికి పెట్టుకున్నాక ఆ వెలుగు మీకు గానీ ఎదుటివాళ్లకి గానీ కనిపించదు.

ఇక కొట్లో చేయాల్సింది. నగల కొట్లలో పైనుంచి పడే తెల్లటి ఎల్‌ఈడీ దీపాల కింద ప్రతి రాయీ నీలంగానే కనిపిస్తుంది. కాబట్టి గుమ్మం దగ్గరికి వచ్చి, నల్లటి గుడ్డ మీద రాయి పెట్టండి; గుడ్డ లేకపోతే నల్ల గొడుగు చాలు. ఫోను టార్చిని రాయికి జానెడున్నర ఎత్తులో, ఒకే చోట, కదలకుండా పట్టుకోండి. దీపాన్ని కాకుండా రాయినే కదపాలి. ముందు ఎడమకి, తర్వాత కుడికి, నెమ్మదిగా. అసలైనదైతే మెరుపు ఒక ముద్దలా గుమ్మటం మీదుగా నడుస్తుంది, ఒక కోణం దాటగానే ఆరిపోతుంది, వెనక్కి వంచితే మళ్లీ వెలుగుతుంది. ఈ ఆరడం, వెలగడం మూడు సార్లు చూడండి. ఎటు తిప్పినా ఒకేలా నీలంగా ఉంటే అనుమానించండి.

తర్వాత టార్చిని రాయి వెనక పెట్టి చూడండి. ఓపలైట్ పేరుతో వచ్చే పాలగాజు నల్లటి గుడ్డ మీద నీలంగా, దీపానికి ఎదురుగా పట్టుకుంటే నారింజగా కనిపిస్తుంది. మన సాయంకాలపు ఆకాశం ఎర్రబడటానికీ దీనికీ కారణం ఒకటే: సన్నటి రేణువులు నీలాన్ని పక్కకి చెదరగొడతాయి, నేరుగా దాటేది ఎరుపు వైపు వెలుగు. పది రెట్ల భూతద్దంలో గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే ఇక మాటలక్కర్లేదు, గాజే. అసలు రాయిలో బుడగలకు బదులు జెర్రి కాళ్లలా నడుమ గీత, దానికి అటూ ఇటూ పొట్టి చీలికలు కనిపించవచ్చు. వాటిని దోషమని తీసిపారేయకండి. సహజమైన రాయి అనడానికి అంతకంటే మంచి సాక్ష్యం కొట్లో దొరకదు. అవి గుమ్మటం పైకి తన్నుకొచ్చి ఉంటే మాత్రం వద్దు, అక్కడే పగులుతుంది.

రెయిన్‌బో మూన్‌స్టోన్ సంగతి వేరు. అదీ సహజమైన రాయే, అదీ ఫెల్డ్‌స్పారే, కానీ లాబ్రడొరైట్ రకం. మెరుపులో నీలంతో పాటు పసుపు, ఆకుపచ్చ, ఊదా ఛాయలు ముక్కలుగా కనిపిస్తాయి. అందమైనదే. చంద్రకాంతం పేరుతో, చంద్రకాంతం ధరకి అమ్మితేనే తప్పు.

విడి రాయి కొంటున్నారా? ఇంట్లో తూచి ఈ రెంటినీ విడదీయవచ్చు. 0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు కావాలి. రాయిని పొడిగా తూచి రాసుకోండి. త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. రాయిని సన్నటి దారానికి కట్టి, అడుగుకీ గోడకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. ఇప్పుడు త్రాసు చూపించేది రాయి పక్కకి నెట్టిన నీటి బరువు. పొడిగా తూచిన బరువును దీంతో భాగించండి. రాయి 3.08 గ్రాములు, నీళ్లలో చూపింది 1.20 అనుకుంటే 2.57 వస్తుంది, చంద్రకాంతం ఈ దగ్గరే ఉంటుంది. రెయిన్‌బో రకానికి 2.70 దగ్గర వస్తుంది. లెక్క తక్కువగా వస్తే రాయికి గాలి బుడగలు పట్టి ఉంటాయి, లేదా రాయి అడుగుకి తగిలి ఉంటుంది. కాచి చల్లార్చిన నీళ్లు వాడి, ఒక చుక్క గిన్నెల సబ్బు వేస్తే బుడగలు పట్టవు. రాయి గ్రాము కంటే చిన్నదైతే ఈ పని పెట్టుకోవద్దు: 0.39 దగ్గర 0.01 తేడా పడినా జవాబు 0.07 దాకా మారిపోతుంది. గాజు బరువు తయారీని బట్టి మారుతుంది కాబట్టి దాన్ని బుడగలతోనే పట్టుకోవాలి, తూకంతో కాదు.

వెన్నెల్లో చంద్రకాంతం కరిగి నీరు కారుతుందన్న మాట పాతది. కాళిదాసు మేఘసందేశంలో అలకాపురి మేడల్లో వేలాడే చంద్రకాంత మణులు వెన్నెలకి చుక్కలు రాలుస్తాయి. ఆ ఊహ ఎంతో ఇష్టమైనదే. కానీ దాన్నే పరీక్షగా పెట్టుకుని కార్తీక పౌర్ణమి రాత్రి డాబా మీద రాయి పెట్టకండి. కాలవలు, చెరువులు, వరిచేలు చుట్టూ ఉన్న మన గోదావరి డెల్టాలో ఆ రోజుల్లో ఏ రాయి పెట్టినా తెల్లారేసరికి మంచుకి తడుస్తుంది, గాజు ముక్క కూడా.

నమ్మకం విషయంలో ఒక స్పష్టత కావాలి. నవరత్నాల్లో చంద్రుడి రత్నం ముత్యం. చంద్రకాంతం దానికి బదులుగా పెట్టుకునే ఉపరత్నం. భీమవరం గునుపూడి సోమారామంలో లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి ముదురుగా మారుతుందని భక్తులు చెప్పుకుంటారు. పెరిగి తరిగే ఆ చంద్రుణ్నే ఈ రాయిలోనూ చూస్తారు. మనసు కుదుటపడుతుందని, తల్లికి మేలని పెట్టుకునేవాళ్లున్నారు. అలా పెట్టుకోవడం మీ ఇష్టం, మీ నమ్మకం. కానీ పూజ చేయించి శక్తి నింపిన రాయి అని ధర పెంచితే ఆ పెంచినదానికి రాయిలో ఏ ఆధారమూ ఉండదు. ధరను నిలబెట్టేవి మెరుపు రంగు, అది కూర్చున్న చోటు, రాయి స్వచ్ఛత, తూకం, అంతే. శ్రీలంకలోని మీటియగొడ నీలి రాళ్లకు పేరు మోసింది. తమిళనాడు కాంగేయం వైపు నుంచీ రాళ్లొస్తాయి. ఊరి పేరు చెప్పి ఎక్కువ అడిగినా మళ్లీ టార్చి కిందే చూడండి.

తూకం క్యారెట్లలో అడగండి. అయిదు క్యారెట్లు ఒక గ్రాము. రత్తి (గురిగింజ ఎత్తు) లెక్క కొట్టుకొక తీరుగా ఉంటుంది. బంగారంలో పొదిగిన నగైతే రాయి తూకం తీసేసిన నికర బంగారం ఎంతో బిల్లులో విడిగా రాయించండి. లేకపోతే 5 క్యారెట్ల రాయికి ఒక గ్రాము బంగారం ధర కట్టినట్టే. తరుగు కూడా ఆ నికర తూకం మీదే లెక్కించాలి. బంగారు నగ మీద ముద్రించే ఆరు అక్షరాల, అంకెల హాల్‌మార్క్ గుర్తు హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు, కానీ అది బంగారానికి హామీ, రాయికి కాదు. రాయి పేరు బిల్లు మీద ‘సహజ చంద్రకాంతం, ఫెల్డ్‌స్పార్’ అని రాయమంటే తటపటాయిస్తే, ఆ తటపటాయింపే మీకు జవాబు.

నగ వెనక మూసి ఉంటే కింద ఏం పెట్టారో అడగండి. వెండి రేకు గానీ నల్లరంగు గానీ వేస్తే పేలవమైన రాయి కూడా నీలంగా వెలుగుతుంది. వెనక తెరిచి ఉన్నదే మేలు. ఉంగరమైతే చుట్టూ అంచు కట్టినది తీసుకోండి. ఈ రాయి రెండు దిక్కుల్లో తేలిగ్గా చీలుతుంది, బోరింగు పంపుకో గిన్నె అంచుకో ఒక్క దెబ్బ చాలు. రోజూ వంటపని చేసే చేతికైతే ఉంగరం కంటే లాకెట్టో దిద్దులో నయం.

గీతలు పడకుండా తట్టుకునే గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలతలో దీని కాఠిన్యం 6 నుంచి 6.5. గోదావరి ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. అందుకే దుమ్ము పట్టిన రాయిని పొడి చెంగుతో తుడవకూడదు, గుమ్మటం మసకబారుతుంది. గోరువెచ్చని నీళ్లు, మెత్తని సబ్బు, పిల్లల బ్రష్షు చాలు. ఉంగరం సైజు మార్పిస్తే రాయి తీసేశాకే మంట పెట్టమని కంసాలికి చెప్పండి.

వచ్చే పాఠానికి పని: మీ ఊళ్లో రెండు కొట్లలో ఒక్కో రాయిని టార్చి కింద చూడండి. మెరుపు ఎక్కడ కూర్చుంది, ఎటు వంచితే ఆరింది, వెనక నుంచి దీపం పెడితే ఏ రంగు అన్నవి కాగితం మీద రాసుకోండి. కొనొద్దు. ఆ కాగితంతోనే నాలుగో పాఠంలో ధర బేరం మొదలుపెడదాం.