జాక్సన్ హైట్స్‌లో రెనోవేషన్ చేసిన రెండు బెడ్‌రూముల కో-ఆప్ ఫ్లాట్ కొనడం ఎలా?

న్యూయార్క్‌లో జాక్సన్ హైట్స్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది 74వ వీధి. కరివేపాకు, కందిపప్పు, బంగారం కొట్లు, మిఠాయి దుకాణాలు. అక్కడి నుంచి రెండు మూడు వీధులు తూర్పుకు నడిస్తే సందడి తగ్గిపోయి ఐదారు అంతస్తుల ఇటుక భవనాలు మొదలవుతాయి. వాటి వెనక, రోడ్డు మీదికి కనపడకుండా, బ్లాకు పొడుగునా తోటలుంటాయి. క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే కంపెనీ 1910ల నుంచి కట్టుకుంటూ వచ్చిన పేట ఇది. 1920 ప్రాంతంలోనే ఇక్కడ ఫ్లాట్లను కో-ఆప్ పద్ధతిలో అమ్మారు. అప్పట్లో నల్లజాతివాళ్లకూ యూదులకూ అమ్మేవారు కాదు. 1993లో నగర లాండ్‌మార్క్స్ కమిషన్ దీన్ని పాత కట్టడాల రూపు మారకుండా కాపాడే హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌గా ప్రకటించింది. మాన్‌హట్టన్ ఆఫీసుకు సబ్‌వేలో అరగంట చాలు, కాబట్టి ఇక్కడ "కొత్తగా రెనోవేట్ చేసిన టూ బెడ్‌రూమ్" అని ప్రకటన పడగానే జనం ఎగబడతారు. ఎగబడే ముందు ఏం చూసుకోవాలో వరసగా చెబుతాను.

కొంటున్నదేమిటో ముందు తెలుసుకోండి

హైదరాబాదులో ఫ్లాటు కొంటే స్థలంలో అవిభాజ్య వాటాతో సహా మన పేరు మీద రిజిస్ట్రేషన్ అవుతుంది. కో-ఆప్‌లో అలా ఉండదు. భవనం మొత్తం ఒక కార్పొరేషన్ సొత్తు. మీరు ఆ కంపెనీలో కొన్ని షేర్లు కొంటారు, ఆ షేర్లతో పాటు ఫ్లాటులో ఉండటానికి ప్రొప్రైటరీ లీజు వస్తుంది. దస్తావేజంటూ ఉండదు. దీనివల్ల కొంత లాభమూ ఉంది: కాండో, అంటే ఫ్లాటే సొంత పేరు మీద రిజిస్టరయ్యే రకం, కొన్నవాళ్లు లోన్ మీద కట్టే మార్ట్‌గేజ్ రికార్డింగ్ టాక్స్ మీకు పడదు. నష్టమేమిటంటే, షేర్లున్నవాళ్లు ఎన్నుకున్న బోర్డు ఒప్పుకుంటేనే కొనగలరు, దాని రూల్స్ ప్రకారమే ఉండగలరు.

అందుకే ఫ్లాటు చూడటానికి వెళ్లకముందే బ్రోకరును అడగాల్సినవి ఉన్నాయి. డౌన్ పేమెంట్ కనీసం ఎంత? 20 శాతం మామూలు, 25 అడిగేవాళ్లూ ఉన్నారు. అమ్మేటప్పుడు ఫ్లిప్ టాక్స్ (ఫ్లాటు చేతులు మారినప్పుడు కో-ఆప్ తీసుకునే రుసుము) ఉందా, ఎవరు కట్టాలి? అన్నిటికన్నా ముఖ్యం, సబ్‌లెట్ ఇవ్వనిస్తారా? హెచ్‌-1బి మీద ఉన్నవాళ్లకు రేపు ఉద్యోగం డల్లాస్‌కు మారితే ఈ ఒక్క రూలే ప్రాణం తీస్తుంది. అద్దెకివ్వడానికి లేదంటే ఖాళీగా పెట్టుకుని మెయింటెనెన్స్ కట్టాలి, లేదా తొందరపడి అమ్ముకోవాలి. అమ్మానాన్న వచ్చి ఆరు నెలలు ఉంటారనుకుంటే అతిథుల గురించి లీజులో ఏం రాశారో కూడా చూడండి.

భవనం లెక్కలు చూడండి

మెయింటెనెన్స్ ఎక్కువని భయపడక్కర్లేదు, తక్కువని మురిసిపోనూ వద్దు. అందులో భవనం ఆస్తిపన్ను, సిబ్బంది జీతాలు, హీటు, నీళ్లు, భవనం మీదున్న అప్పు వడ్డీ అన్నీ కలిసి ఉంటాయి. ఏళ్ల తరబడి పెంచకుండా నెట్టుకొచ్చిన బోర్డు, పైకప్పు కారగానే ఒక్కసారిగా అసెస్‌మెంట్ పేరుతో వేల డాలర్లు వసూలు చేస్తుంది.

భవనం అప్పులో మీ వాటా ఎంతో మీరే లెక్క కట్టొచ్చు. ఉదాహరణకు అప్పు 40 లక్షల డాలర్లు, మొత్తం షేర్లు 40,000, మీ ఫ్లాటుకు 500 షేర్లు అనుకుందాం. షేరుకు 100 చొప్పున 50,000 డాలర్ల అప్పు మీ నెత్తిన ఉన్నట్టే. ధరలు పోల్చేటప్పుడు దాన్ని కూడా కలుపుకోండి.

కో-ఆప్ లావాదేవీలు బాగా తెలిసిన లాయరును పెట్టుకోండి. రెండేళ్ల ఆడిటెడ్ లెక్కలు, బోర్డు మీటింగుల మినిట్స్ చదవడం ఆయన పని. "ఏం రాశారో నాకు కూడా చెప్పండి" అని మొహమాటపడకుండా అడగండి. లీకులు, బాయిలర్, లిఫ్టు, గ్యాస్ లైను, ఈ నాలుగు మాటలు మళ్లీ మళ్లీ వస్తుంటే ఆగి ఆలోచించాలి. గ్యాస్ లీకై సరఫరా ఆపేస్తే పైపులు మార్చి, పరీక్షలు చేసి తిరిగి ఇవ్వడానికి నెలలు పడుతుంది. అన్నాళ్లూ కరెంటు పొయ్యి మీదే వంట. భవనం 25,000 చదరపు అడుగులు దాటితే కర్బన ఉద్గారాల మీద నగరం పెట్టిన లోకల్ లా 97 గురించీ అడగండి. 2024 నుంచి పరిమితులు అమల్లోకి వచ్చాయి, 2030 నుంచి ఇంకా బిగుస్తాయి.

మెరుపు వెనక ఏముందో చూడండి

అసలు పని ఇక్కడే. తెల్ల క్వార్ట్జ్ గట్టు, కొత్త టైల్స్ చూసి సగం మంది పడిపోతారు. అవి పెట్టడం తేలిక. వందేళ్ల భవనంలో గోడ లోపలి పైపులు, వైర్లు మార్చడమే కష్టం, ఖర్చు.

మొదట రెండో బెడ్‌రూమ్ సంగతి తేల్చుకోండి. ఇక్కడ "జూనియర్ ఫోర్" అనే రకం ఫ్లాట్లున్నాయి. ఒక బెడ్‌రూమ్, హాలు పక్కన చిన్న డైనింగ్ ఏరియా. దానికి గోడ కట్టేసి టూ బెడ్‌రూమ్ అంటారు. నగరం లెక్కలో గది అనిపించుకోవాలంటే కిటికీ ఉండాలి, కనీసం 80 చదరపు అడుగులుండాలి, ఏ వైపూ 8 అడుగులకు తగ్గకూడదు. టేపు పట్టుకెళ్లి కొలవండి. షేర్లు మొదట అమ్మకానికి పెట్టినప్పటి పత్రం, ఆఫరింగ్ ప్లాన్‌లో ఉన్న పాత నక్షాతో పోల్చండి.

తర్వాత సింకు కింద అలమార తెరవండి. కొత్త మెరిసే పైపు రెండడుగులు పోయి, గోడ దగ్గర తుప్పు పట్టిన పాత ఇనప పైపుకు అతుక్కుందా? అయితే ఆ రెనోవేషన్ గోడ దాకానే. బాత్‌రూమ్ షవరు, వంటింటి వేడినీళ్ల కుళాయి ఒకేసారి తిప్పి ధార ఎంత తగ్గుతుందో గమనించండి. కరెంటు ప్యానెల్ మూత తీయించి, మొత్తం ఎన్ని యాంప్స్ వస్తున్నాయో అడగండి. పాత భవనంలో రెండు ఏసీలు, మైక్రోవేవ్, కరెంటు పొయ్యి కలిపి నడవకపోవచ్చు.

గోడ తీసేసి వంటిల్లు హాల్లో కలిపేసిన ఫ్లాటైతే పొయ్యి మీది చిమ్నీ ఆన్ చేసి పైన చెయ్యి పెట్టండి. గాలి మీ మొహానికే కొడితే అది బయటికి పోయే చిమ్నీ కాదు, ఫిల్టరు లోంచి తిప్పి గదిలోకే వదిలేది. ఇంగువ తాలింపు వాసన సోఫాకూ పరుపుకూ సమంగా పంచుతుంది. ఇక్కడి పాత భవనాల్లో బయటికి గొట్టం పెట్టనివ్వడం అరుదు. దుప్పట్లకు పోపు వాసన పట్టినా ఫర్వాలేదనుకుంటే మంచిదే, నాకైతే తలుపున్న వంటిల్లే ఇష్టం.

ఇక కాగితాలు. గోడలు, ప్లంబింగ్ ముట్టుకునే పనికి బోర్డుతో ఆల్టరేషన్ అగ్రిమెంట్ (మార్పులకు ఒప్పందం) ఉండాలి, నగర బిల్డింగ్స్ శాఖ పర్మిట్ ఉండాలి, పని అయ్యాక ఆ పర్మిట్ క్లోజ్ అయి ఉండాలి. భవనం అడ్రసు కొడితే శాఖ వెబ్‌సైట్లో ఉచితంగానే కనపడుతుంది. కిటికీలు మార్చారంటే లాండ్‌మార్క్స్ అనుమతి కూడా కావాలి. వంటిల్లో బాత్‌రూమో జరిపారనిపిస్తే మరింత జాగ్రత్త. కిందివాళ్ల బెడ్‌రూమ్ నెత్తిన నీళ్ల గది రావడానికి చాలా బోర్డులు ఒప్పుకోవు. వాషింగ్ మెషీన్ కనిపించినా దానికి పర్మిషన్ ఉందో లేదో అడగండి. అనుమతి లేని పని పాత ఓనరు చేసినా, విప్పమంటే విప్పాల్సింది మీరే. తెరిచి ఉన్న పర్మిట్లు అమ్మేవాళ్లే మూయించాలని కాంట్రాక్టులో రాయించండి.

కాంట్రాక్టు, తర్వాత బోర్డు

ఆఫర్‌కు సరేనన్నంత మాత్రాన ఏమీ కట్టుబడదు. కాంట్రాక్టు సంతకమయ్యేదాకా ఇంకొకరు ఎక్కువిచ్చి ఎగరేసుకుపోవచ్చు. సంతకం రోజున మామూలుగా మీరు కట్టే 10 శాతాన్ని అమ్మేవాళ్ల లాయరు ఎస్క్రోలో, అంటే కొనుగోలు పూర్తయ్యేదాకా ముట్టుకోని విడి ఖాతాలో, పెడతారు. లోన్ రాకపోయినా, బోర్డు కాదన్నా ఆ డబ్బు వెనక్కొచ్చేలా షరతు ఉందో లేదో చూడండి.

బోర్డు ప్యాకేజీ అంటే మీ ఆర్థిక జాతకం మొత్తం: టాక్స్ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్యోగ ధ్రువపత్రం, ఇంటి ఓనరు, ఆఫీసువాళ్లు, స్నేహితులు ఇచ్చే ఉత్తరాలు. ఊళ్లో పొలం అమ్మి నాన్నగారు పంపిన డబ్బుంటే గిఫ్ట్ లెటరు, అది ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వచ్చిందో చూపే కాగితాలు ముందే పెట్టేయండి. వివరణ లేని పెద్ద డిపాజిట్ కనపడితే అనుమానాలు మొదలవుతాయి. కొన్న తర్వాత కూడా ఏడాది, రెండేళ్ల ఖర్చులకు సరిపడా నగదు మిగలాలని చాలా బోర్డులు చూస్తాయి. అడుగూబొడుగూ ఊడ్చి డౌన్ పేమెంట్ కట్టొద్దు.

ఇంటర్వ్యూలో అడిగినదానికి క్లుప్తంగా జవాబు చెప్పండి, చాలు. "ఈ గోడ తీసేయొచ్చా?" లాంటి ప్రశ్నలు అప్పుడే వద్దు. కాదన్నా కారణం చెప్పకపోవచ్చు. అయితే జాతి, మతం, పుట్టిన దేశం చూసి కాదనడం చట్టవిరుద్ధం.

కొనుగోలు పూర్తయ్యే రోజుకు, అంటే క్లోజింగ్‌కు ఒకటి రెండు రోజుల ముందు మళ్లీ వెళ్లి పొయ్యి, కుళాయిలు, కిటికీలు అన్నీ చూసుకోండి. లోన్ ఉంటే షేర్ సర్టిఫికెట్, లీజు అసలు కాపీలు బ్యాంకు దగ్గరే ఉంటాయి. సామాను దింపుకోవడానికి లిఫ్టు ముందే బుక్ చేసుకోవాలి, చాలాచోట్ల శని, ఆదివారాలు కుదరదు. కిందివాళ్లకు చప్పుడు కాకుండా నేలలో 80 శాతం కార్పెట్లు పరవాలని రూల్ ఉంటుంది, డబ్బు పోసి కొన్న ఓక్ ఫ్లోరింగంతా దాని కిందికే. గృహప్రవేశానికి పొగ అలారం మోగకుండా హోమం ఫ్లషింగ్ గణేశుడి గుళ్లో చేయించుకుని, ఇంట్లో పాలు పొంగించండి.