కోడ్ ముక్కల పెట్టె - నాలుగో పాఠం: వంపు తిరిగిన గుర్తులు

పనికొచ్చిన కమాండ్లను (కంప్యూటర్‌కు టైపు చేసి ఇచ్చే ఆదేశాలను) మళ్లీ వాడుకునేందుకు దాచుకునే చోటే మన పెట్టె. ఈ వారం సెట్టింగుల నోట్స్‌ను విడిగా ఎలా దాచుకోవాలో చెబుతానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల నుంచి మీరు పంపిన ఫైళ్లలో సగానికి పైగా కమాండ్లు పేస్ట్ చేస్తే నడవలేదు. తప్పు నాది. ‘ఎక్కడ కనబడితే అక్కడే రాసుకోండి, తర్వాత పెట్టెలో వేద్దాం’ అని రాసింది నేనే. మీరు ఫోన్‌లో, వర్డ్‌లో రాసుకున్నారు.

అక్కడే చిక్కు వచ్చింది. ఐఫోన్ కీబోర్డు, వర్డ్ నిటారు కొటేషన్ గుర్తును (") తీసేసి వంపు గుర్తులు (“ ”) పెడతాయి. పక్కపక్కన ఉన్న రెండు చిన్న గీతలను (--) కలిపి ఒకే పొడవు గీత (—) చేస్తాయి. కంటికి తేడా తెలియదు. కమాండ్లు నడిపే కిటికీ అయిన టెర్మినల్‌కు మాత్రం ఇవి పూర్తిగా వేరే అక్షరాలు. నిటారు గుర్తు ఒక్క బైటు. వంపు గుర్తుకు యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) మూడు బైట్లు.

గీత మారితే నష్టం చిన్నదే. కోడ్ మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాం గిట్. గిట్ లాగ్ కమాండ్ పక్కన రెండు గీతలతో ఇచ్చే ఐచ్ఛికాన్ని (ఆప్షన్‌ను) గిట్ ఫైలు పేరో, శాఖ (బ్రాంచ్) పేరో అనుకుని, అలాంటిది లేదని వెంటనే చెప్పేస్తుంది. వంపు గుర్తులు పడిన జేసన్ ఫైలు (డేటాను కొటేషన్ గుర్తుల మధ్య రాసే ఫైలు) కూడా అక్కడికక్కడే మొరాయిస్తుంది.

నన్ను బాధపెట్టేది మౌనంగా చెడగొట్టే రకం. ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తి దుకాణానికి లెక్కల ప్రోగ్రాం రాస్తున్న పాఠకుడు డేటాబేస్ పాస్‌వర్డ్‌ను సెట్టింగుల ఫైల్లో వంపు గుర్తుల మధ్య పెట్టాడు. నిటారు గుర్తులైతే ప్రోగ్రాం వాటిని ఒలిచేసి లోపలి మాటే తీసుకునేది. వంపు గుర్తులు పాస్‌వర్డ్‌లో భాగమైపోయాయి. పాస్‌వర్డ్ తప్పని మాత్రమే ఎర్రర్ వచ్చింది. రెండు రాత్రులు అతను పాస్‌వర్డ్ మార్చి మార్చి చూశాడు. పాస్‌వర్డ్ మొదటి నుంచీ సరైనదే.

పట్టుకోవడానికి లినక్స్‌లో క్యాట్ కమాండ్‌కు ఒక గీత, పెద్ద ఎ అక్షరం జతచేసి (cat -A) ఫైలు చూడండి. నిటారు గుర్తు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. వంపు గుర్తు, పొడవు గీత ఉన్న చోట పెద్ద ఎం, గీత, చిన్న బితో (M-b) మొదలయ్యే అర్థంకాని వరుస వస్తుంది. తెలుగులో రాసుకున్న వివరణ కూడా గజిబిజిగానే కనిపిస్తుంది, కంగారు పడకండి. కమాండ్ ఉన్న వరుస ఒక్కటే చూడండి.

నేనైతే ఫోన్‌లో కమాండ్ రాయను. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైల్లో ఏదైనా తడితే సమస్య ఏమిటో, ఎక్కడ చూశానో తెలుగులో రెండు మాటలు రాసుకుంటాను. ఇంటికొచ్చి కమాండ్ నడిపి, ఫలితం చూశాక టెర్మినల్ చరిత్ర నుంచే పెట్టెలోకి కాపీ చేస్తాను. ఒక్కసారి కూడా నడవనిది నా పెట్టెలోకి రాదు. ఫోన్ తప్పదనుకునేవారు ఐఫోన్ కీబోర్డు సెట్టింగుల్లో స్మార్ట్ పంక్చుయేషన్‌ను ఆపేయండి.

ప్రతి ముక్క పైన తేదీ, వెర్షను, అప్పుడు వచ్చిన ఎర్రర్ సందేశం అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. ఆరు నెలల తర్వాత మీకు కమాండ్ పేరు గుర్తుండదు, ఎర్రరే మళ్లీ ఎదురవుతుంది. వెతికేది దాంతోనే.

సాధన: కంప్యూటర్‌లో కొత్త యూజర్ ఖాతా తెరవండి. పెట్టెలోని ముక్కలన్నీ, ఒక్కటీ వదలకుండా, అందులో నడపండి. ఫైళ్లు చెరిపే కమాండ్లకు ముందు ఉత్తుత్తి ఫైళ్లతో ఒక ఫోల్డర్ చేసుకోండి. నలభై ముక్కలున్నవారికి ఒక ఆదివారం మొత్తం పడుతుంది. నడవనిదాన్ని బాగుచేయండి, కుదరకపోతే తీసేయండి. ఈసారి ఫైళ్లు పంపవద్దు. నడవని ముక్కల ఎర్రర్ సందేశాలు మాత్రమే పంపండి, పాస్‌వర్డ్ ఉన్న చోట చుక్కలు పెట్టి.