దుకాణదారు లింకన్‌ను పిల్లలకు చెప్పాలంటే

హనుమకొండలో సోషల్ చెప్తాను. అబ్రహం లింకన్ పాఠం అమెరికా అధ్యక్ష పదవితో మొదలుపెట్టను, దుకాణంతో మొదలుపెడతాను. మీరూ చెప్పి చూడండి.

ముందుగా మీ గల్లీ కిరాణా దుకాణంలో పాత ఉద్దెర పుస్తకం అడిగి తెచ్చుకోండి. నాకు దొరికినదానికి అట్ట ఊడిపోయింది, అంచులకు మంచినూనె మరకలు. తీరిన బాకీలన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉన్నాయి. పేర్లు కనబడకుండా కాగితం అంటించి, కొట్టేయని లెక్కలు పిల్లలతో కూడించండి. బాకీ బరువు అప్పుడు తెలుస్తుంది.

తర్వాత ఇల్లినాయ్‌లోని న్యూ సేలం కథ ఎత్తుకోండి. 1832లో 23 ఏళ్ల లింకన్ రాష్ట్ర శాసనసభకు నిలబడి ఓడిపోయాడు. సొంత ఊళ్లో మాత్రం 300 ఓట్లలో 277 ఆయనకే పడ్డాయి. ఈ అంకె బోర్డు మీద పెద్దగా రాయండి. విలియం బెర్రీతో కలిసి అప్పు మీద పెట్టిన దుకాణం మునిగింది. 1833లో పోస్ట్‌మాస్టర్ అయ్యాడు, 1834లో శాసనసభకు గెలిచాడు. 1835లో బెర్రీ చనిపోతే అతని వాటా బాకీ కూడా నెత్తినేసుకుని ఏళ్ల తరబడి తీర్చాడు. ఇక్కడ తొందరపడొద్దు, నాకు ఈ కథలో ప్రాణం ఇదే.

ఆఖరున, "మీ వార్డులో ఎవరికి ఓటేస్తారు, ఎందుకు?" అని అడగండి. పోయినేడు ఒక అమ్మాయి లేచి, "సార్, మా నాయిన ఉద్దెర పుస్తకం చూసి చెప్తా" అంది. దాని మీద గంట కొట్టేదాకా మాట్లాడుకున్నారు. అందుకే రెండు పీరియడ్లు పెట్టుకోండి.