లైసెన్సులో చట్టం ప్రస్తావన వస్తే ఎలా చదవాలి

రాయగడ, బరంపురం వైపు కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చే మనవాళ్ళు అమ్మేముందు ఒక పని చెయ్యాలి. వాడిన ప్రతి ఫ్రీ సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకునే స్వేచ్ఛ ఉన్న సాఫ్ట్‌వేర్) భాగంలోనూ లైసెన్స్, కాపీయింగ్ ఫైళ్ళు తెరిచి ‘లా’, ‘రెగ్యులేషన్’, ‘ఎక్స్‌పోర్ట్’, ‘కోర్ట్’ అని వెతకండి. దొరికిన వాక్యం షరతా, ఉత్త సమాచారమా అన్నది ముందు తేల్చుకోండి.

‘ఎగుమతి చట్టాలు వర్తించవచ్చు’ అని ఊరుకుంటే అది సమాచారమే. ఆ చట్టం మీరితే ప్రభుత్వానికి జవాబు చెప్పుకోవాలి గానీ లైసెన్సు పోదు. ‘ఫలానా దేశపు ఎగుమతి చట్టాలు పాటిస్తేనే ఈ అనుమతి’ అంటే మాత్రం షరతు. అది తప్పితే అనుమతి పోయి, ఆ తర్వాత ఇచ్చే కాపీలు కాపీరైట్ ఉల్లంఘన కిందికి వస్తాయి. ఇలాంటి షరతున్న లైసెన్సును ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఫ్రీ అని ఒప్పుకోదు. ఆ భాగాన్ని వదిలేయడమే మేలు. అన్నట్టు, రాయగడ నుంచి పార్వతీపురం కొట్టుకు పెన్‌డ్రైవ్‌లో ఇస్తే అది పంపిణీయే, ఎగుమతి మాత్రం కాదు.

అసలు చిక్కంతా లైసెన్సుకూ వేరే బాధ్యతకూ పొసగనప్పుడు. బరంపురం వ్యాపారి ఒకాయన డబ్బిచ్చి జీపీఎల్ (ప్రోగ్రాము ఇచ్చినవాళ్ళకు సోర్సు, అంటే మనిషి చదివి మార్చగల అసలు కోడ్, కూడా ఇమ్మనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు) కింద ఉన్న కోడ్‌లో మార్పులు చేయించుకుని, ‘ఈ సోర్సు ఇంకెవరికీ ఇవ్వను’ అని మీచేత రాయించుకున్నాడనుకోండి. అదే ప్రోగ్రామును పార్వతీపురంలో అమ్మాలంటే కొన్నవాళ్ళకు సోర్సు ఇచ్చితీరాలి. ఒప్పందం ఇవ్వనివ్వదు. జీపీఎల్ మూడో వెర్షన్ 12వ సెక్షన్, రెండో వెర్షన్ 7వ సెక్షన్ ఒకటే చెబుతాయి: లైసెన్సూ, ఒప్పందమూ రెండూ నెరవేర్చలేకపోతే పంపిణీయే చెయ్యకూడదు. బైనరీ (కంప్యూటరు నడిపే రూపం) మాత్రం ఇచ్చి సరిపెట్టుకోవడం కుదరదు. కఠినమే, కానీ న్యాయం. లేకపోతే పక్క కాగితం ఒకటి రాసుకుని ఎవరైనా సోర్సు దాచేయొచ్చు. కాబట్టి మొదటి వ్యాపారి దగ్గర లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి.

మొజిల్లా వాళ్ళ లైసెన్సు ఎంపీఎల్ 2.0 దారి వేరు. దాని 4వ సెక్షన్ ప్రకారం చట్టమో, కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ నిబంధనో అడ్డొస్తే వీలైనంత మేర లైసెన్సు పాటించి, పాటించలేకపోయినది ఒక టెక్స్ట్ ఫైలులో రాసి ప్రతి కాపీతోనూ ఇవ్వాలి. ‘చట్టపరమైన కారణాల వల్ల’ అని ముక్తసరిగా రాస్తే చాలదు. ఏ ఉత్తర్వు, ఏ ఫైళ్ళు, ఏం ఇవ్వలేకపోతున్నారు అన్నది మామూలు ప్రోగ్రామరుకు అర్థమవ్వాలి. ప్రైవేటు ఒప్పందాలకు ఈ వెసులుబాటు లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

పొరపాటు జరిగిపోయి కాపీరైట్ హక్కుదారు నుంచి నోటీసు వస్తే వెర్షన్ చూడండి. జీపీఎల్ మూడో వెర్షన్‌లో, ఆ హక్కుదారు నుంచి అదే మొదటి నోటీసైతే, 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే హక్కులు తిరిగొస్తాయి. రెండో వెర్షన్‌లో ఆ గడువు రాసిలేదు. హక్కుదారునే అడగాలి.