ఊళ్లో కీళ్లనొప్పుల మీద మీటింగ్ పెట్టేవాళ్లకు

అక్టోబరు 12 ప్రపంచ ఆర్థరైటిస్ దినం. అనంతపురం పల్లెల్లో అది వేరుశనగ పీకే కాలం. పొద్దున పదకొండింటికి మీటింగ్ పెడితే ఎవరూ రారు. సాయంత్రం ఏడు దాటాక గానీ, పొదుపు సంఘం కూర్చునే రోజున గానీ పెట్టండి. పాతిక ముప్పై మందికి మించొద్దు, అందరి చేతులూ పట్టుకుని చూడాలి. చాపలొక్కటే పరిస్తే అసలు రావాల్సినవాళ్లే కింద కూర్చోలేక వెనక నిలబడి వెళ్లిపోతారు. పది కుర్చీలైనా తెప్పించండి.

జబ్బుల పేర్లతో మొదలుపెట్టకండి. ఒక ప్రశ్న అడగండి: "పొద్దున లేచినాక బిగుసుకున్న కీళ్లు ఎంతసేపటికి వదులవుతాయి?" నిమిషాల్లో చెప్పమంటే చెప్పలేరు. "పొయ్యి వెలిగించేలోగా సర్దుకుంటాయా, సంగటి కెలికే వేళకూ పట్టేసే ఉంటాయా?" అంటే ఠక్కున చెప్తారు. అరగంటలోపే వదులై, పని చేసేకొద్దీ మోకాలు నొప్పెట్టి, కూర్చుంటే తగ్గితే అది ఎక్కువగా కీళ్ల అరుగుదల. గంటకు పైగా పట్టేసి, రెండు చేతుల కణుపులూ వాచి, ఆరు వారాలైనా తగ్గకపోతే రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంట్లోని రక్షణ శక్తే కీళ్లను దెబ్బతీసే జబ్బు) అని అనుమానించాలి. ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

అనుమానమున్నవాళ్ల చేతిని కరచాలనంలా పట్టుకుని, వేళ్ల మొదళ్లలోని కణుపులను అడ్డంగా మెల్లగా నొక్కండి. ముఖం చిట్లించి చెయ్యి లాక్కుంటే చీటీ రాసి అనంతపురం సర్వజన ఆసుపత్రికి పంపండి. ఈ జబ్బుకు చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దని చెప్పి పంపండి. మొదటి ఒకటి రెండేళ్లలోనే ఎముక తినేయడం మొదలవుతుంది, వంకరపోయిన వేళ్లను మందులు తిరిగి నిటారు చేయలేవు. అందుకే ఈ మీటింగులో మిగతావన్నీ వదిలేసినా ఈ చేతి పరీక్షను మాత్రం వదలొద్దు.

ఈ జబ్బుకు తరచుగా ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. డాక్టరు ఏ రోజు వేసుకోమన్నారో ఆ రోజు పేరు మందుల అట్ట మీద పెన్నుతో పెద్దగా రాసివ్వండి.

"సూది వేయించుకుంటే చిటికెలో పోయింది" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. వాపు అణుగుతుంది గానీ, పదేపదే వేయించుకుంటే షుగర్ పెరుగుతుంది, ఎముక పలచబడుతుంది. రోజూ నొప్పి బిళ్లలు మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. అలాగని స్టెరాయిడ్‌ను ఉన్నపళంగా ఆపమని చెప్పకండి. చాలాకాలంగా వాడేవాళ్లకు అదీ ప్రమాదమే. ఖాళీ అట్టలు, చీటీలు దాచుకుని డాక్టరుకు చూపించమనండి.

ఇక మోకాళ్లు. మాటలు చాలించి చేయించండి. కాళ్లు చాచి కూర్చోబెట్టి, చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టి, దాన్ని కిందికి అదుముతూ అయిదు అంకెలు లెక్కపెట్టమనండి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండుపూటలా. చిప్పకు పైనున్న కండ మీద వేలు పెట్టి చూడండి, గట్టిపడితేనే సరిగ్గా చేసినట్టు. చాలామంది ఊపిరి బిగబట్టి తుంటిని ఎత్తేస్తారు, కండ మెత్తగానే ఉండిపోతుంది. పైకి లెక్కపెట్టిస్తే ఊపిరి బిగబట్టలేరు.

చేతికర్రను దాదాపు అందరూ నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. నొప్పి లేని వైపు చేతిలో ఉండాలి. చెయ్యి కిందికి వేలాడేస్తే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. కాయలు వలిచేటప్పుడు గొంతుకూర్చోకుండా ఎత్తు పీట వేసుకోమనండి. లావుగా ఉన్నవాళ్లు కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

ఒక్క కీలు ఎర్రగా కాలిపోతూ వాచి జ్వరం కూడా ఉంటే పొద్దుటిదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెడ, నడుము కొయ్యబారినవాళ్లు ఒకే వీధిలో పలువురు కనిపిస్తే అది నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల కావచ్చు, బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌కు పంపండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు.

పేర్లు నోటుబుక్కులో రాసుకోండి, ఎవరికి ఏముందో పదిమందిలో చదవకండి. పదిహేను రోజులకు ఆశా కార్యకర్తతో ఇల్లిల్లూ తిరిగి, ఆసుపత్రికి వెళ్లనివాళ్లు బస్సు చార్జీలకు ఆగారో, తోడు లేక ఆగారో కనుక్కోండి. ఇద్దరు ముగ్గుర్ని కలిపి ఒకే రోజు పంపితే ఒకరికొకరు తోడవుతారు.