ట్రాక్టర్ డీజిల్ లైన్‌లో ఎయిర్ తీయడం ఎలా?

డీజిల్ అయిపోయినా, ఫిల్టర్ మార్చినా లైన్‌లో గాలి చేరుతుంది. ఇక సెల్ఫ్ ఎంత కొట్టినా బండి అందుకోదు. వెంటనే ఇంకో ట్రాక్టర్‌కి తాడు కట్టి లాగించేస్తారు, లేదంటే ట్యాంకులో పైపు పెట్టి నోటితో ఊదుతారు. రెండూ దండగ పనులే. పద్ధతిగా చేస్తే పావుగంట పని.

ట్యాంకులో డీజిల్ పోసి కాక్ తెరవండి. గేరు న్యూట్రల్‌లో ఉంచండి. స్పానర్లు, పాత గుడ్డ, ఒక డబ్బా చాలు. ఫిల్టర్ల మీద దుమ్ము తుడిచాకే స్క్రూ ముట్టుకోండి.

ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టాలి. ముందు మొదటి ఫిల్టరు, తర్వాత రెండోది, ఆపైన నాజిళ్లకు డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపు. ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) ఒకటి రెండు చుట్లు వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు చేతి మీట కొట్టండి. మీట పట్టు లేకుండా ఊగితే పంపు పోయిందని విప్పేయకండి. లోపల ఆ పంపును కదిపే క్యామ్ ఎత్తు మీద ఆగి ఉంటుంది. సెల్ఫ్ ఒక్కసారి తాకించి మళ్లీ కొట్టండి.

ముందు నురగ, తర్వాత బుడగలు, ఆఖరికి తేట డీజిల్ వస్తాయి. పని చెడేది ఇక్కడే. బుడగలు ఆగగానే మీట వదిలేసి స్పానర్ వెతుక్కుంటారు. ఆ కాసేపట్లోనే గాలి మళ్లీ దూరుతుంది. డీజిల్ కారుతుండగానే, ఒక చేత్తో మీట కొడుతూ రెండో చేత్తో స్క్రూ బిగించాలి. బుడగలు ఆగినట్టే ఆగి మళ్లీ వస్తాయి కాబట్టి తేటగా వచ్చాక కూడా ఇంకాసేపు కొట్టండి. బలమంతా చూపించి బిగిస్తే మర పోతుంది. రాగి వాషరు నలిగి ఉంటే కొత్తది వేయండి, పాతదాన్ని తిప్పి వేయడం నాకు నచ్చదు.

అప్పటికీ స్టార్ట్ కాకపోతే, స్టాప్ నాబ్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ దగ్గర పైపు నట్లు అర చుట్టు వదులు చేయండి. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టొద్దు. డీజిల్ చిమ్మగానే ఆపి నట్లు బిగించండి. అక్కడ వేలు పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం సూది పోటంతే ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కామన్ రైల్ ఇంజన్లకు (నాజిళ్లన్నిటికీ ఒకే పైపు నుంచి చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ వెళ్లేవి) మాత్రం ఈ నట్ల జోలికి అసలు పోకండి.

బండి నడిచి, తెల్లారి మళ్లీ మొరాయిస్తే ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపు చూడండి. అక్కడ డీజిల్ కారకపోయినా, వదులైన క్లిప్పు సందులోంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది.