పూల మీద వాలిన కొండ సీతాకోకచిలుకను ఫోటో తీయడం ఎలా?

కెమెరా గురించి రెండు మాటలు చాలు. చిన్నవాటిని దగ్గరగా తీసే 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు ఉంటే అదే తగిలించండి, లేకపోతే ఫోనుతోనే మొదలుపెట్టండి. షట్టర్ వేగం సెకనులో 500వ వంతు, ఎపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం తెరుచుకునే కొలత) ఎఫ్ 8. ట్రైపాడ్ వద్దు, దాని కాళ్లు సర్దుకునేలోగా పువ్వు ఖాళీ అవుతుంది. ఫ్లాష్ అసలే వద్దు. మట్టిలో మోకరిల్లడానికి పనికివచ్చే పాత బట్టలు వేసుకోండి.

తోట మీద ఎండ పడిన గంటకు వెళ్లండి. కొండల్లో రాత్రి చలికి బిగుసుకుపోయిన సీతాకోకచిలుక బాగా ఎగరాలంటే దాని కండరాలు దాదాపు 30 డిగ్రీల దాకా వేడెక్కాలి. అందుకే చాలా రకాలు రెక్కలు పరిచి ఎండ కాచుకుంటాయి. కొన్ని పసుపు రకాలు మాత్రం రెక్కలు మూసి, ఒక పక్కకు ఒరిగి, ఆ పక్కనే ఎండకు పెడతాయి. నిద్రపోతోందనుకుని దాన్ని వేలితో కదిలించేవాళ్లను ఎన్నిసార్లు వారించానో లెక్కలేదు. పొద్దెక్కి వాలులు కాగాక లోయ నుంచి గాలి పైకి లేస్తుంది, పూలు ఊగడం మొదలవుతుంది. ఆలోపే పని ముగించాలి.

ఇక పువ్వును ఎంచుకోండి. సీతాకోకచిలుక వెంట పరుగెత్తడం తోటలో అందరూ చేసే మొదటి తప్పు. మంచి పువ్వు పక్కన కూర్చుంటే అదే వస్తుంది. ముద్దబంతి కంటికి నిండుగా ఉంటుంది గానీ ఆ రేకుల గుట్టలో మకరందం దొరకడం కష్టం. ఒంటి వరుస రేకుల బంతి, జినియా, ముళ్ల థిసిల్ లాంటివి చూడండి. మనకు ఒక పువ్వుగా కనిపించేది నిజానికి పదుల కొద్దీ చిన్న పూల గుత్తి. సీతాకోకచిలుక ఒక్కొక్క దానిలో తొండం దించుతూ గుత్తి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు ఆగుతుంది.

అసలు కష్టం దగ్గరికి వెళ్లడంలో ఉంది. నూటికి తొంభై మంది ఇక్కడే చెడగొడతారు.

అది వాలగానే కదలకండి. దానికి రుచి తెలిసేది కాళ్లతో. మొదట కాళ్లతో పువ్వును పరీక్షిస్తుంది, తరువాత చుట్టగా ఉన్న తొండాన్ని విప్పుతుంది. ఈ కొద్ది క్షణాల్లో ఏ చిన్న అలికిడికైనా లేచిపోతుంది. తొండం మొదటి చిన్న పువ్వులోంచి రెండోదానికి, రెండోదాన్నుంచి మూడోదానికి మారేదాకా ఊపిరి బిగబట్టి చూడండి. మూడోదానిలో దిగాక మీ వంతు.

బయలుదేరే ముందు మీ నీడ ఎటు పడుతోందో చూసుకోండి. ఉదయం నీడ చాలా పొడుగు. మీరు నాలుగడుగుల దూరంలో ఉండగానే నీడ పువ్వును తాకవచ్చు, నీడ తాకిందంటే అది ఎగిరిపోయినట్టే. తలను పువ్వు ఎత్తుకన్నా కిందికి దించండి. పక్కలకు ఊగకుండా, తిన్నగా, ఒకే గీత మీద ముందుకు జరగండి. దాని కళ్లు అడ్డంగా కదిలేదాన్ని ఇట్టే పసిగడతాయి. మోచేతులు డొక్కలకు ఆనించండి. కెమెరాను మొదటి నుంచే ముఖానికి పెట్టుకుని ఉండాలి, దగ్గరికి వెళ్లాక పైకెత్తితే అంతే సంగతులు. పక్క మొక్క కాడకు మోకాలు తగిలినా ఆ కుదుపు పువ్వు దాకా పాకుతుంది. మబ్బు అడ్డం వస్తే ఉన్నచోటే ఆగండి. మళ్లీ ఎండ తగలగానే రెక్కలు విప్పుతుంది, అంతకు మించిన క్షణం దొరకదు.

కొందరు సీతాకోకచిలుకను పట్టి ఫ్రిజ్‌లో పెట్టి, మొద్దుబారాక పువ్వు మీద కూర్చోబెట్టి తీస్తారు. అది ప్రాణిని హింసించడమే. పైగా ఆ ఫోటోలో తొండం ముడుచుకుని, కాళ్లు పట్టు లేకుండా వేలాడుతూ ఉంటాయి. చూసే కన్నున్నవారికి ఇట్టే తెలుస్తుంది. రెక్కలు బార్లా తెరిచిన ప్రతి ఫోటో కూడా మంచిది కాదు. ఐరోపా పర్వతాల్లో తిరిగే అపోలో బెదిరినప్పుడు వెనక రెక్కల మీది ఎర్రని కంటి మచ్చలను చూపిస్తూ కాళ్లు రాపాడించి బుసలాంటి చప్పుడు చేస్తుంది. ఆ భంగిమ చూసి మురిసిపోకుండా వెనక్కి తగ్గండి.

ఫోకస్ కంటి మీద ఉంచండి. రెక్కలు మూసి ఉంటే సరిగ్గా పక్క నుంచి, పరిచి ఉంటే పై నుంచి తీయండి. రెక్కల తలం లెన్సుకు సమాంతరంగా లేకపోతే సగం మసకబారుతుంది. చిన్న నీలి రకాల్లో చాలావాటిని గుర్తుపట్టడానికి రెక్కల అడుగువైపు చుక్కలే ఆధారం, కాబట్టి అది రెక్కలు మూసేదాకా ఆగి ఆ వైపు కూడా తీసుకోండి. తరువాత వచ్చిన గీత మీదే, అంతే నెమ్మదిగా వెనక్కి జరగండి. పక్క గుత్తి మీద మరొకటి అప్పుడే తొండం దించుతూ ఉండవచ్చు.